వేడిని కాపాడుకుందాం రండి

మే 4వ తేదీ పొద్దున పేపరు మడత విప్పగానే అందులోంచి ఒక రంగుల కాగితం జారి ఒళ్ళో పడింది. మంచు కప్పిన పెంకుటిల్లు, కిటికీ పక్కన ఉన్ని స్వెట్టరు వేసుకుని కాఫీ తాగుతున్న తెల్లదొరసాని, ఆవిడ కాళ్ళ దగ్గర బొచ్చుకుక్క. కింద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఒకటే ప్రశ్న: "మీ ఇంటి వేడి కిటికీల్లోంచి పోతోందని మీకు తెలుసా?"

తెలియదండీ. ఒట్టు, నాకు తెలియదు. చెన్నై పెరంబూరులో ముప్పై ఒక్క ఏళ్ళుగా కాపురం. మాది పై అంతస్తు, హాలు పడమటి వైపు. ఇంట్లో వేడి ఉందని తెలుసు. దాన్నే నమ్ముకుని ఏటా అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు కానిస్తున్నాం. కానీ అది చేతికందినట్టే అంది, కిటికీల్లోంచి జారిపోతోందని ఇన్నేళ్ళలో ఒక్కరూ హెచ్చరించలేదు. పంచాంగం ప్రకారం ఆ రోజే డొల్లు కర్తరి ప్రవేశం. అంటే ఏడాది మొత్తంలో మా ఇంటి ఆస్తి పెరిగే సీజన్ మొదలు. సరిగ్గా అప్పుడే నా కళ్ళు తెరిపించిన ఆ జోడు అద్దాల కిటికీల కంపెనీకి (పేరు చెప్పను) నేను రుణపడి ఉన్నాను.

కొందరు నవ్వుతారు. చెన్నైలో వేడి పోవడమేంటి, పోతే పోనీ, పీడా పోయింది అంటారు. దూరదృష్టి లేని మనుషులు. 1905 జనవరి 29న ఇదే నగరంలో ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలకు దిగిపోయింది. రికార్డుల్లో ఉంది, చూసుకోవచ్చు. ఆ చలి మళ్ళీ రాదని ఎవరైనా రాసిస్తారా? 2003 మే 31న 45 డిగ్రీలు వచ్చింది. ఆ రోజు వేడిని ఎవరైనా బుద్ధిగా సీసాల్లో పట్టి దాచుకుని ఉంటే ఇప్పటికి మనవల పెళ్ళిళ్ళకు పనికొచ్చేది. మార్గశిరంలో మెరీనా మీదికి వాకింగుకు వెళ్ళి చూడండి. ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల పైనే ఉంటుంది; జనం మాత్రం మంకీ క్యాపులు, మఫ్లర్లు, చెవుల్లో దూది. ఈ ఊరి ప్రజలకు చలి అంటే ఎంత భయమో కంపెనీ వాళ్ళు ఆ పూట చూసే ఉంటారు.

వెంటనే టొరంటోలో ఉన్న అల్లుడికి ఫోన్ చేశాను. అతను ఈ మధ్యే అక్కడ ఇల్లు కొని, కిటికీలన్నీ మార్పించుకున్నాడు.

"మామయ్యగారూ, ఇక్కడ అది లగ్జరీ కాదండీ, ప్రాణావసరం" అన్నాడు. అక్కడ చలికాలంలో బయట మైనస్ ఇరవై, లోపల హీటరు పెట్టి ప్లస్ ఇరవై. మధ్యలో నలభై డిగ్రీల తేడా. గోడల్లో దూదిలాంటి సరుకు దట్టంగా కూరి ఉంటుంది కాబట్టి ఇంట్లో బలహీనమైన చోటు కిటికీయే. అందుకని రెండు అద్దాలు, కొన్నిచోట్ల మూడు. మధ్య ఖాళీలో ఆర్గాన్ నింపుతారు. మనం పీల్చే గాలిలోనే నూటికి ఒక పాలు లోపు ఉండే వాయువే అది; మామూలు గాలి కంటే వేడిని నిదానంగా మోస్తుంది. కిటికీ ఎంత వేడిని దాటిస్తుందో కొలిచే లెక్క పేరు యూ-వాల్యూ. ఒంటి అద్దానికి 5.7 దాకా, జోడు అద్దానికి 2.7 దాకా, ఆర్గానూ, అద్దం మీద వేడిని ఆపే పల్చటి పూతా ఉన్నదానికి 1.5 లోపు. ఎంత తక్కువైతే అంత గొప్ప. అన్నీ వివరంగా చెప్పి, చివర్లో "మీకెందుకు మామయ్యగారూ ఇవన్నీ?" అన్నాడు. అల్లుళ్ళకు మామగారి భవిష్యత్తు మీద శ్రద్ధ తక్కువ.

కాగితంలో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే మర్నాడే మనిషి వచ్చాడు. సూళ్ళూరుపేట కుర్రాడు, తెలుగువాడే, టై కట్టుకుని చెమటతో తడిసి ముద్దయ్యాడు. చేతిలో ఒక చెక్కపెట్టె. అందులో ఒక పక్క ఎర్రటి బల్బు, దాని ముందు రెండు అద్దం ముక్కలు పక్కపక్కన. బల్బు వెలిగించి, మొదటి అద్దం వెనక చెయ్యి పెట్టమన్నాడు. చురుక్కుమంది. రెండో అద్దం వెనక పెట్టమన్నాడు. చల్లగా, గుడిలో నేల మీద పెట్టినట్టుంది.

"చూశారా సార్! వేడి లోపలికి రాదు, బయటికి పోదు."

"రెండిట్లో నువ్వు అమ్మేది ఏది బాబూ?"

"రెండూ సార్."

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను రిటైరైంది ఈ పేటలోనే, 1955 నుంచి రైలు పెట్టెలు తయారు చేస్తున్న ఫ్యాక్టరీలో. ఏసీ పెట్టెలకు జోడు అద్దాలు బిగించడం ముప్పై ఏళ్ళు చూశాను. మీరూ చూసే ఉంటారు, ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడి కూర్చుంటే రెండు అద్దాల మధ్య ఆవిరి పట్టి, బయట వచ్చింది విజయవాడో వరంగల్లో తెలియకుండా ఉంటుందే, అదే. అంచున సీలు చెడితే తేమ లోపలికి దూరుతుంది. తుడుద్దామంటే చెయ్యి దూరదు. సముద్రానికి ఇంత దగ్గర ఊళ్ళో ఆ సీలు సంగతేమిటని అడిగాను. "పదేళ్ళ గ్యారంటీ సార్" అన్నాడు కుర్రాడు, గర్వంగా.

రెండో ప్రశ్న అడిగాను. కాగితం మీద యూ-వాల్యూ పెద్ద అక్షరాల్లో ఉంది, సరే. ఎండలో ఎన్నో పాలు అద్దం గుండా లోపలికి వస్తుందో చెప్పే లెక్క ఇంకొకటి ఉంటుంది కదా, ఎస్‌హెచ్‌జీసీ అంటారు, అదేదీ? కుర్రాడు కాగితం తిరగేసి, మళ్ళీ తిరగేసి, "అది ఫారిన్ వాళ్ళకి సార్" అన్నాడు.

అతను వెళ్ళాక లెక్క వేశాను. మా హాలు కిటికీ నాలుగడుగులకు అయిదడుగులు, సుమారు రెండు చదరపు మీటర్లు. సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద ఎండ ఒక్కో చదరపు మీటరుకు ఆరు వందల వాట్ల దాకా కొడుతుంది. ఒంటి అద్దం అందులో నూటికి ఎనభై పాళ్ళు లోపలికి పంపిస్తుంది. అంటే ఒక ఇస్త్రీ పెట్టెను ఆన్ చేసి సోఫా మీద పెట్టినట్టు. ఇప్పుడు జోడు అద్దం పెట్టించాననుకోండి. అది పూత లేని మామూలు అద్దమైతే డెబ్బై పాళ్ళు పైనే పంపిస్తుంది. ఇస్త్రీ పెట్టె సోఫా మీదే ఉంటుంది, కాస్త సన్నగా మండుతుంది. పోనీ, లోపల ఏసీ ఉండి, బయటికీ లోపలికీ పది డిగ్రీల తేడా ఉన్నప్పుడు అద్దం గుండా దూరే వేడి ఎంత తగ్గుతుందో చూశాను. అరవై వాట్లు. పాత సీలింగ్ ఫ్యాను తిరగడానికి కూడా చాలదు. అల్లుడి ఇంట్లో నలభై డిగ్రీల తేడా మీద పనిచేసే మహావీరుణ్ణి తెచ్చి మా ఇంట్లో పది డిగ్రీలకు కాపలా పెట్టడమన్నమాట. అసలు దొంగ ఎండ రూపంలో ఆ వీరుడి పొట్టలోంచే నడిచి వస్తున్నాడు.

మరి పెట్టెలో రెండో అద్దం అంత చల్లగా ఎందుకుంది? దానికి ఎండను ఆపే పూత ఉంది. కంటికి కనిపించనంత పల్చటి వెండి పొర. మంచి రకమైతే నూటికి ముప్పై పాళ్ళే లోపలికి వదులుతుంది. ఈ ఊరికి కావలసింది నిజానికి అదే. కొటేషన్‌లో మాత్రం అది లేదు. పెళ్ళిచూపుల్లో చెల్లెల్ని చూపించి పీటల మీద అక్కని కూర్చోబెట్టడం మన దగ్గర కొత్తేమీ కాదు కాబట్టి నేను తప్పు పట్టను.

నన్ను బాధపెట్టిందల్లా ప్రభుత్వం. ఇళ్ళలో కరెంటు ఆదా కోసం 2018లో ఎకో-నివాస్ సంహిత అని ఒకటి తెచ్చారు. ఆశగా చదివాను. గోడలూ కిటికీల గుండా వేడి ఎంత పోతోందన్న బెంగ అంతా చలి ప్రాంతాలకే రాసిచ్చేశారు. మనలాంటి ఊళ్ళకు వచ్చేసరికి, బయటినుంచి లోపలికి వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదని గీత గీశారు. అది కూడా సహించాను. చెన్నైలాంటి ఉక్కపోత ఊళ్ళలో, నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు కిటికీలు తెరుచుకునేలా ఉండాలట! చలి ప్రాంతాల్లో పన్నెండో వంతు చాలట. పైగా రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ అయితే సగమే తెరుచుకున్నట్టు లెక్క, రెక్క తలుపులైతే నూటికి తొంభై. మన వేడిని వీలైనంత బార్లా తెరిచి బయటికి పారబొయ్యమని చట్టం రాసినవాళ్ళను ఏమనాలి?

వాళ్ళను అనడమెందుకు, మన పెద్దవాళ్ళే అంత. గూడూరులో మా అమ్మమ్మగారి ఇల్లు తలుచుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది. ఎంత దుబారా! ఇంటి చుట్టూ వసారా, కాబట్టి గోడ మీద ఎండ పడేదే కాదు. ప్రతి కిటికీ మీదా, కప్పుకు జానెడు కింద వెంటిలేటరు. ఇంట్లో పుట్టిన వేడిగాలి పైకి లేచి దాంట్లోంచి చక్కా బయటికి వెళ్ళిపోయేది, ఆపే నాథుడు లేడు. ఎండాకాలం వస్తే వసారా స్తంభాల మధ్య వట్టివేళ్ళ తడికలు వేలాడేవి. మధ్యాహ్నం పన్నెండింటికి తాతయ్య ఇత్తడి చెంబుతో వాటి మీద నీళ్ళు చిలకరించేవాడు. గాలి ఆ తడిలోంచి దూరి వచ్చేటప్పుడు చల్లబడి, వట్టివేళ్ళ వాసన వేసుకుని వచ్చేది. మేం పిల్లలం గచ్చు మీద బోర్లా పడుకుని, చొక్కాలు పైకి లాగి పొట్టలు ఆనించేవాళ్ళం. అలా మా బాల్యంలో ఎంత వేడి నష్టపోయామో లెక్క కట్టేవాళ్ళు లేరు.

ఆ విషయంలో మా అపార్ట్‌మెంట్ కట్టిన బిల్డరును మెచ్చుకోవాలి. వెంటిలేటర్లు తీసేశాడు. సన్‌షేడ్‌ను నాలుగంగుళాలకు కుదించాడు. దాని కింద కాకి కూడా నీడకు నిలబడదు. డాబా మీద నేరుగా ఎండ, కింద సిమెంటు స్లాబు, దాని కింద మేము. రాత్రి పదకొండింటికి కూడా స్లాబు పగలు తాగిన ఎండను మా మీదికి కక్కుతూనే ఉంటుంది. రొట్టెలు కాల్చే భట్టీకి ఇంతకంటే మంచి ప్లాను ఉండదు.

కొటేషన్ చేతిలో పట్టుకుని మా ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దాన్ని చూడను కూడా చూడలేదు. "కర్తరిలో కిటికీలు పీకిస్తే ఎలాగండీ? మే 28 దాటనివ్వండి" అంది. కర్తరిలో ఇంటి పనులు ముట్టుకోకూడదని శాస్త్రం. నేను శాస్త్రానికి ఎదురు చెప్పను. ఈలోగా ఆవిడ పాతబజారు నుంచి వెదురు చాప ఒకటి తెప్పించి, కిటికీకి బయటి వైపున తాడుతో కట్టించింది. లోపల పరదా వేస్తే చాలదా అంటే, "అద్దం దాటి వచ్చేశాక ఆపి ఏం లాభం?" అంది. మర్నాడు కుర్రాళ్ళను పెట్టి డాబాకు రెండు కోట్లు సున్నం కూడా కొట్టించింది. మా ఇంట్లో వేడి నిల్వలు ఆ వారంలోనే దారుణంగా పడిపోయాయి. నేనేం మాట్లాడలేదు, మాట్లాడే అలవాటు లేదు.

ఎదురు ఫ్లాటు మాస్టారికి మాత్రం కర్తరి పట్టింపు లేదు. రిటైరైన ఫిజిక్సు లెక్చరరు. ఆయన హాలూ పడమరే. అదే కంపెనీ చేత జోడు అద్దాలు, అదీ పూత ఉన్న ఖరీదైన రకం, తెరుచుకోకుండా బిగించేవి పెట్టించుకున్నారు. తెరిస్తే వేడి పోతుందని కుర్రాడు చెప్పాడట. పనివాళ్ళు ఒక్క పూటలో బిగించి వెళ్ళిపోయారు. తర్వాత వారం రోజులు మాస్టారి ఏసీ ఆగిన చప్పుడు వినలేదు.

ఒక రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. కాసేపటికి మాస్టారు తలుపు కొట్టారు. "ఒకసారి రండి సార్, మీరు రైలు పెట్టెల్లో చూసి ఉంటారు కదా" అన్నారు. వాళ్ళ హాల్లోకి అడుగు పెట్టగానే నా కళ్ళజోడు మసకబారినట్టనిపించింది. టీపాయ్ మీద కొవ్వొత్తి వెలుగుతోంది. దాన్ని తీసుకెళ్ళి అద్దం ముందు పట్టుకున్నాను. జోడు అద్దానికి నాలుగు ముఖాలు, కాబట్టి నాలుగు దీపాలు కనిపిస్తాయి, ఒకదాని వెనక ఒకటి. పూత ఉన్న ముఖం మీది దీపం రంగు మారుతుంది. ఎండ ఊళ్ళలో ఆ పూత బయటి అద్దానికి, లోపలి వైపున ఉండాలి. అప్పుడు అది తాగిన వేడి బయటే ఉండిపోతుంది. లోపలినుంచి చూస్తే రంగు మారేది మూడో దీపం.

"లెక్కపెట్టండి మాస్టారూ."

ఆయన వంగి, కళ్ళు చిట్లించి చూశారు. "రెండోది గులాబీ రంగులో ఉందండీ."

రెండోదంటే పూత లోపలి అద్దం మీద ఉందన్నమాట. మంచు దేశాల్లో ఇంటిని వెచ్చగా ఉంచాలనుకున్నప్పుడు పెట్టే చోటు. పూత పట్టిన ఎండంతా లోపలి అద్దానికే ఎక్కి, మాస్టారి హాల్లోకే వస్తోంది. కంపెనీ వాళ్ళు కాగితం మీద ఇచ్చిన మాటకు కట్టుబడ్డారు. ఆ తెల్లదొరసాని కిటికీనే అక్షరాలా తెచ్చి ఇక్కడ బిగించారు.

కొవ్వొత్తి ఆర్పేసి ఇద్దరం డాబా మీదికి వెళ్ళాం. సున్నం కొట్టిన నేల అప్పటికే చల్లబడింది. మా ఆవిడ చాప వేసి, కుండలో నీళ్ళు పెట్టి ఉంచింది. తూర్పునుంచి సముద్రపు గాలి తేలిగ్గా వీస్తోంది. మాస్టారు బనీను పైకి లాక్కుని పొట్ట మీద చెయ్యి వేసుకుని వెల్లకిలా పడుకున్నారు.

"ఇంతకీ మీ ఇంట్లో వేడి ఏమైనా పోయిందా మాస్టారూ?" అని అడిగాను.

"ఎక్కడికి పోతుందండీ? పదేళ్ళు గ్యారంటీ" అన్నారాయన.