‘ఒక్కో రకానికి ఒక్కటే’ అనే నియమం గారికి

ఆర్యా,

ఇక్కడ మేమంతా క్షేమం, కాస్త ఇరుగ్గా. అలమార పైన, ముక్కలు అతికించి కట్టుకునే బొమ్మ విమానాల కిట్ల డబ్బాలు 23, మంచం కింద 11, పాత సూట్‌కేసులో మా ఆవిడకి తెలియనివి 4. తెలిసినా తెలియనట్టు ఊరుకుంటున్నవి అనడం న్యాయం. మీరూ క్షేమమేనని తలుస్తాను. మీకేం తక్కువ? మిమ్మల్ని నేను ఒక్కసారి కూడా జవదాటలేదు.

మీరు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. జిగురు వాసన పడక కిటికీ తలుపులు తీస్తూ మా ఆవిడ, "ఇంకా ఎన్ని కొంటారండీ ఈ విమానాలు?" అంది. ఆ క్షణాన నోటికొచ్చిన మర్యాదైన అబద్ధం మీరు. "ఒక్కో రకానికి ఒక్కటే. ఫైటర్ ఒకటి, బాంబర్ ఒకటి, నేల మీద ఉన్నవాటిని కొట్టే ఎటాక్ విమానం ఒకటి, సామాన్లు మోసేది ఒకటి, గాల్లో ఇంధనం పోసేది ఒకటి, నిఘాకి ఒకటి, నేర్చుకోడానికి ట్రైనర్ ఒకటి. మొత్తం ఏడు. ఒక్క అర చాలు." ఆవిడ నమ్మింది. నేనూ నమ్మాను, అదీ ఘోరం.

చిక్కు మొదటి విమానం దగ్గరే వచ్చింది. ఫైటర్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వాళ్ళ స్పిట్‌ఫైర్ కాక ఇంకేముంటుందని అదే కొన్నాను. 1:72 స్కేలు, అంటే అసలులో ఆరడుగులు మన బల్ల మీద ఒక్క అంగుళం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి పదిహేనున్నర సెంటీమీటర్లు. కట్టాను, రంగు వేశాను, అరలో పెట్టాను. ఇక బాంబర్ వైపు జరగాలి. జరక్కుండా దాన్ని ఒకసారి వెల్లకిలా తిప్పి చూశాను. అదే నేను చేసిన తప్పు. రెక్కల కింద ఒక పక్క పెద్ద రేడియేటర్ పెట్టె, రెండో పక్క సన్నటి ఆయిల్ కూలర్. అంటే నా దగ్గరున్నది మార్క్ 5. ఒకే విమానాన్ని మార్చి మార్చి తెచ్చిన ఒక్కో రూపానికి పెట్టిన అంకె ఈ మార్క్. మార్క్ 9కి రెండు పక్కలా సమానంగా పెట్టెలే ఉంటాయి. 1941లో జర్మన్ల ఫోక్‌వుల్ఫ్ 190 దిగి మార్క్ 5ని దుమ్ము దులిపేస్తుంటే, ఉన్న ఒంట్లోనే బలమైన మెర్లిన్ ఇంజన్ కూర్చి హడావిడిగా వదిలినది ఈ 9. విమానాన్ని లాగే ముక్కు మీది మూడు రెక్కల పంకా నాలుగు రెక్కలయింది. తర్వాత మెర్లిన్ తీసేసి గ్రిఫాన్ అనే ఇంజన్ పెట్టారు. మార్క్ 14కి పంకా రెక్కలు ఐదు, పైగా అది తిరిగేది రెండో వైపుకి. మెర్లిన్ అలవాటుతో రన్‌వే మీదికి వెళ్ళిన పైలట్‌ని విమానం అనుకోని దిక్కుకి లాగేది. పైలట్ కాళ్ళకే తేడా తెలిసేటప్పుడు రెంటినీ ఒకే రకం అని నేనెలా అనగలను? మీరే సెలవివ్వండి.

మార్కులు 24 దాకా వెళ్ళాయి. చదువుకునే రోజుల్లో కూడా నేను మార్కుల కోసం ఇంత తాపత్రయపడలేదు. ఇది కాక ఓడల మీద దిగడానికి తోక కింద కొక్కెం తగిలించిన సీఫైర్ వేరు. మేఘాల కింద తక్కువ ఎత్తులో వెళ్ళి ఫోటోలు తీసుకొచ్చే స్పిట్‌ఫైర్లు వేరు. వాటిలో కొన్నింటికి లేత గులాబీ రంగు వేశారు, తెల్లవారుజామునా సందెవేళా ఆకాశంలో కలిసిపోతాయని. యుద్ధ విమానానికి గులాబీ రంగు చూసి మా ఆవిడ చాలా రోజులకి నవ్వింది. ఆ నవ్వుని నేను అనుమతి కింద జమ కట్టుకున్నాను.

ఇవి పిల్లల ఆటబొమ్మలు కావని ఆవిడకి చరిత్ర కూడా చెప్పాను. 1942లో అమెరికా నౌకాదళం శత్రు విమానమేదో సొంత విమానమేదో గుర్తుపట్టడం నేర్పడానికి 1:72 స్కేల్లో చెక్క నమూనాలు కావాలని బడిపిల్లల్ని అడిగింది. ఈ స్కేలు బొమ్మని 35 అడుగుల దూరం నుంచి చూస్తే, అసలుదాన్ని దాదాపు అర మైలు నుంచి చూసినట్టే. ఎన్ని నమూనాలు అడిగారో తెలుసా? 5 లక్షలు. మీ గురించి వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

బాంబర్ విషయంలో మాత్రం మిమ్మల్ని మనస్ఫూర్తిగా పాటించాను. బి-52 ఒక్కటే. అసలుదాని రెక్క 56 మీటర్ల పైచిలుకు, నాది 78 సెంటీమీటర్లు. రెండోది పెట్టాలంటే ఇల్లు మారాలి.

ఇక ఎఫ్-117. దీని మీద మీకు నేరుగా ఫిర్యాదు చేస్తున్నాను. అమెరికా వాళ్ళ లెక్కలో ఎఫ్ అంటే ఫైటర్. సరేనని ఫైటర్ల వరసలో పెట్టబోతూ తుపాకీ ఎక్కడుందా అని వెతికాను. లేదు. రాడార్ కూడా లేదు. గాల్లో శత్రు విమానం ఎదురుపడితే తప్పుకుని పోవడమే దాని వీరత్వం. దాని పనల్లా రాడార్ల కంట పడకుండా రాత్రిపూట వెళ్ళి, కడుపులో దాచుకున్న రెండు బాంబులు వేసి రావడం. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్ళు లేవు.

దీనికి ముందొక ముచ్చట ఉంది. 1986లో టెస్టర్స్ అనే కిట్ల కంపెనీ ‘ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్’ అని ఒక కిట్ తెచ్చింది. అప్పటికి అసలు విమానం, అదే మన ఎఫ్-117, ఐదేళ్ళుగా ఎగురుతూనే ఉంది, ప్రభుత్వం మాత్రం నోరు విప్పలేదు. కంపెనీ వాళ్ళు ఊహించి గీశారు: నున్నగా, ఒంపుసొంపులతో, చూడగానే మనసుపడేలా. కిట్ విపరీతంగా అమ్ముడుపోయింది. దేశ రహస్యం బొమ్మల దుకాణంలో దొరకడమేమిటని అమెరికా కాంగ్రెస్‌లో గోల కూడా అయింది. 1988 నవంబరులో అసలు విమానం ఫోటో బయటపెడితే అంతా పలకలు పలకలుగా, కోణాలు కోణాలుగా ఉంది, వెతికినా ఒక ఒంపు లేదు. ఎఫ్-19 అనే విమానం ఎన్నడూ పుట్టనే లేదు. 18 తర్వాత సరాసరి 20కి దూకారు. ఆ పుట్టని విమానం నా దగ్గరుంది. దానికి మార్కులు లేవు, వేషాలు లేవు, ఇంకో రకం వస్తుందన్న భయం లేదు. మిమ్మల్ని అక్షరాలా పాటించిన విమానం నా అరలో అదొక్కటే.

మీ మాట మీద తొందరపడి నేను నష్టపోయిన సంగతి కూడా రాస్తాను. ఈ రకం అయిపోగానే ఆ రకం అన్న ఊపులో రెండు తోకల పి-38 లైట్నింగ్ మొదలుపెట్టాను. మూడు వారాలు పైలట్ గదిలోనే గడిచాయి. ఆవగింజంత డయళ్ళలో తెల్ల ముల్లు గీయడానికి ఊపిరి బిగబట్టి సన్నటి కుంచె పట్టాను. పట్టకారు జారి ఎగిరిపోయిన కంట్రోల్ చక్రాన్ని చీపురు పుల్లతో వెతికి పట్టుకున్నాను. చివరికి పైన బిగించే పారదర్శకమైన కానపీ. దానికి తెల్ల జిగురు వాడాలి, ఆరడానికి రాత్రంతా పడుతుంది. నేను సూపర్ గ్లూ వాడాను, అరనిమిషంలో పని అయిపోయింది. పొద్దున లేచి చూద్దును కదా, దాని ఆవిరి లోపలే పేరుకుని కానపీ అంతా మంచు పట్టిన కిటికీలా తెల్లబోయి ఉంది. లోపల డయళ్ళున్నాయని ఇప్పుడు నేను ప్రమాణం చేస్తేనే జనం నమ్మాలి.

అక్కడితో ఆగలేదు. దీనికి ముందో చక్రం, వెనక రెండు. వెనక బరువెక్కువ కాబట్టి ముక్కులో సీసపు గుళ్ళు పెట్టి మరీ అతికించమని సూచనల కాగితంలో మూడో అడుగులోనే రాసి ఉంది. నేను నాలుగో అడుగు నుంచి చదివాను. అరలో నిలబెట్టగానే నెమ్మదిగా ముక్కు పైకెత్తి తోకల మీద కూర్చుండిపోయింది. మా అమ్మాయి వచ్చి కాసేపు చూసి, "నాన్నా, ఇది అలమార పైనున్న డబ్బాలు లెక్కపెడుతోందా?" అంది. యూ-2 అనే నిఘా విమానం కట్టుకున్నా పరువు దక్కేది. దాని అసలుదే దిగాక ఒక రెక్క మీదికి ఒరిగి ఆగుతుంది, మన బొమ్మ ఒరిగినా పనితనమే అనుకుంటారు.

పోనీ పి-38 అయినా ఒక్కటేనా? ఆ రోజుల్లో ఫైటర్‌కి అక్షరం పి, తరిమేది అనే అర్థంలో. ఇదే విమానానికి ముక్కులోని తుపాకులు తీసి కెమెరాలు పెడితే పేరు ఎఫ్-5. అప్పట్లో ఎఫ్ అంటే ఫోటో. 1948లో ఆ ఎఫ్‌ని తీసి ఫైటర్లకి ఇచ్చారు. ఫోటోలు తీసినా ఎఫ్, పోట్లాడినా ఎఫ్, తుపాకీ లేకుండా బాంబులు వేసినా ఎఫ్. రవాణా వరసలో ఒక్క సి-130 చాలనుకుంటే అది పగటివేషగాడు. 1954లో మొదటిసారి ఎగిరింది, ఇప్పటికీ తయారవుతూనే ఉంది. పక్కన తుపాకులు పెడితే ఏసీ, ఇంధనం పోస్తే కేసీ, వాతావరణం చూడబోతే డబ్ల్యూసీ, కాళ్ళకి మంచుబద్దలు కడితే ఎల్‌సీ. ఒక్కొక్కటీ నా బల్ల మీద 56 సెంటీమీటర్లు.

మీకన్నా నిక్కచ్చి నియమాలు లోకంలో లేకపోలేదు. రష్యా విమానాలకి నాటో వాళ్ళు పెట్టిన మారుపేర్లు చూడండి. ఎఫ్‌తో మొదలైతే ఫైటర్, బి అయితే బాంబర్, సి అయితే సరుకులు మోసేది. ఒక్క ముక్కలో పలికే పేరైతే పంకా విమానం, రెండు ముక్కలైతే జెట్. టీయూ-95ని బేర్ అన్నారు, టీయూ-16ని బ్యాడ్జర్ అన్నారు, మిగ్-21ని ఫిష్‌బెడ్ అన్నారు. మనిషి విమానాన్ని చూడకుండానే సగం సంగతి చెప్పేయొచ్చు. ఈ పద్ధతి బాగుందని మా ఆవిడకి చెబితే, తనూ సూట్‌కేసులో ఉన్నవాటికి మారుపేరు పెట్టింది. నాలుగింటికీ కలిపి ఒక్కటే: దండగ.

చివరగా ఒక తీర్పు కావాలి. డగ్లస్ ఇన్వేడర్ అనే రెండింజన్ల విమానం పుట్టినప్పుడు ఏ-26, అంటే ఎటాక్. అదే కాలంలో మార్టిన్ వాళ్ళ మరాడర్ అనే వేరే విమానం పేరు బి-26. యుద్ధమయ్యాక మరాడర్లు తుక్కులోకి పోయాయి. 1948లో అమెరికా వైమానిక దళం ఎటాక్ అనే వర్గాన్నే ఎత్తేసి, ఖాళీ అయిన బి-26 పేరు ఇన్వేడర్‌కి కట్టబెట్టింది. 1966లో దాన్ని థాయిలాండ్‌లో ఉంచాల్సి వచ్చింది. మా నేల మీద బాంబర్లు ఉండటానికి వీల్లేదంది ఆ దేశం. అమెరికా వాళ్ళు విమానం జోలికి పోలేదు, అక్షరం మార్చారు. మళ్ళీ ఏ-26 అయింది, అందరి మాటా నిలిచింది. ఇంత చక్కటి ఉపాయం చూశాక నాకూ బుద్ధి వచ్చి, సూట్‌కేసులో ఉన్నవి కిట్లు కావు, విడిభాగాలు అని ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ థాయిలాండ్ అంత మెతక కాదు.

కాబట్టి ఇన్వేడర్‌ని ఏ వరసలో పెట్టాలో దయచేసి తెలియజేయగలరు. మీ జవాబు అందేదాకా మీ మాట తప్పకూడదని ఎటాక్ వరసలో ఒకటి, బాంబర్ల వరసలో ఒకటి పెట్టాను. థాయిలాండ్ వెళ్ళిన రకం ఇన్వేడర్ కిట్ దారిలో ఉంది, గురువారం వస్తుందట. ఆ రోజు తలుపు మా ఆవిడ తీయకుండా మీరేమైనా చేయగలరేమో చూడండి.

ఇట్లు,
మీ మాట ఏనాడూ జవదాటని
విధేయుడు