సమన్లు తిప్పి పంపితే కేసు తిరిగిపోదు

కోర్టుకు రమ్మనే సమన్ల కాగితంతో కోర్టు అమీనా వీధి మొదట్లో కనిపించగానే ఇంటాయన పెరటి దారిన కొబ్బరితోటలోకి వెళ్లిపోవడం, ఇంట్లోవాళ్లు ‘ఊళ్లో లేరండీ’ అని చెప్పడం గోదావరి జిల్లాల్లో పాత అలవాటే. కాగితం అందకపోతే కేసు నడవదన్న నమ్మకం దీనికి మూలం. ఆ నమ్మకం వల్ల అప్పిచ్చినవాడికి పైసా నష్టం లేదు. పైగా, అతని పని సగం తగ్గుతుంది.

తప్పించుకునే దారులన్నీ 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే మూసేశారు. మనిషి దొరకకపోతే, త్వరలో వచ్చే సూచన కూడా లేకపోతే, అతనితో కలిసి ఉంటున్న కుటుంబంలోని వయోజనులు ఎవరికైనా, ఆడవారైనా సరే, ఇవ్వవచ్చు. పనికి ఊరు వెళ్లిన కొడుకు పేరిట వచ్చిన సమన్లు కోనసీమలోని తల్లి చేతికి అందడం ఇలాగే. తీసుకోనంటే ఇంటి తలుపుకు అంటించి, ఆ సంగతి రాసి కోర్టుకు పంపుతారు. కావాలనే తప్పించుకుంటున్నాడని కోర్టుకు నమ్మకం కుదిరితే పత్రికలో ప్రకటన వేయిస్తారు. జిల్లా పేజీ అడుగున చీమలబారు అక్షరాల్లో వచ్చే ఆ ప్రకటనను ఎవరూ చదవరు. కానీ చట్టం దృష్టిలో మీరు చదివినట్టే.

ఇక వాయిదా రోజున ప్రతివాది రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే అతని మాట వినకుండానే తీర్పు. డెల్టాలో ఇది ఎందుకంత ప్రమాదమో అర్థం కావాలంటే ఇక్కడ అప్పు నడిచే తీరు చూడాలి. రొయ్యల చెరువుకు సీడు అరువు, మేత అరువు, పైన చేబదులు. హామీగా రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసిన ప్రోనోటు, తోడుగా అంకె వేయని చెక్కు. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలి ఒక పంట పోయినా, తర్వాతి పంటలో కొంత కడతారు. ఆ కట్టినదానికి ప్రోనోటు వెనక చెల్లు రాయించుకునేవారు ఎంతమంది? మొహమాటం అడ్డొస్తుంది. మూడేళ్ల గడువు దాటేలోగా అప్పిచ్చినవాడు మొత్తం సొమ్ముకీ వడ్డీతో దావా వేస్తాడు. ప్రోనోటు మీద సంతకం చేసినవాడికి అప్పు సొమ్ము ముట్టిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని చూపవలసిన బాధ్యత సంతకం చేసినవాడిది. సగం తీర్చాననీ, వడ్డీ ఎక్కువ వేశారనీ, ఖాళీ కాగితం మీద తర్వాత రాసుకున్నారనీ చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి తోటలో దాక్కుంటే, న్యాయమూర్తి ముందు మిగిలేది ఆ కాగితమే.

డిక్రీకి, అంటే డబ్బు కట్టమనే కోర్టు తీర్పుకు, 12 ఏళ్ల ఆయుష్షు ఉంటుంది. దాన్ని అమలు చేయమనే పిటిషన్ (ఈపీ) వేశాక పొలం జప్తు, ఊళ్లో దండోరా, వేలం. అప్పుడు పరుగెత్తుకొచ్చేవారే ఎక్కువ. డిక్రీ అయిన 30 రోజుల్లో, లేదా సమన్లు సరిగా అందకపోయి ఉంటే తెలిసిన 30 రోజుల్లో, ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు కోరవచ్చు. అయితే సరైన కారణం చూపాలి. తప్పుడు చిరునామా ఇచ్చి, అసలు అందించకుండానే అందించినట్టు రాయించే కక్షిదారులూ లేకపోలేదు. ఆ రద్దు నిబంధన వారి బాధితుల కోసం. తలుపు వేసుకున్నవారికి అది దక్కడం కష్టం. నా దృష్టిలో అది సబబే.

చెక్కు బౌన్సు కేసు ఇంకా కఠినం. సమన్లు తీసుకోవడానికి నిరాకరించినట్టు పోస్టుమ్యాన్ రాస్తే అందినట్టే లెక్క. రాకపోతే వారెంటు, ఆపైన పోలీసులు. నిజానికి ఆ సమన్లు తీసుకోవడంలోనే ఒక మేలుంది. చెక్కు బౌన్సయ్యాక డబ్బు కట్టమని ముందు పంపిన నోటీసు తనకు అందలేదనేవారు సమన్లు అందిన 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టి కేసు కొట్టేయమని కోరవచ్చని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్షిగా పిలిచినప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు. క్రిమినల్ కోర్టు సమన్లను కావాలని బేఖాతరు చేస్తే భారతీయ న్యాయ సంహిత 208వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, పదివేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టం ఎలక్ట్రానిక్ సమన్లకు కూడా వీలిచ్చింది కనుక, ఫోనుకు వచ్చిన ప్రతిదీ నకిలీ అనలేం. ‘డిజిటల్ అరెస్టు’ అని వీడియో కాల్‌లో డబ్బడిగేవాడు మాత్రం నూటికి నూరుపాళ్లు దొంగే. అనుమానం ఉంటే కేసు నంబరును ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి చూస్తే తేలిపోతుంది.

భయానికి కోర్టులూ కొంత కారణమే. సమన్లతో పాటు దావా ప్రతి జతచేయాలని నిబంధన ఉంది. అది చాలాసార్లు ఇంగ్లిషులో ఉంటుంది. రాజోలులో కౌలురైతుకు తన మీద వేసిన ఆరోపణ ఏమిటో చదివిపెట్టడానికే వకీలు కావాలి. వకీలంటే ఖర్చని వెనకడుగు వేస్తాడు. అదే కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవా కమిటీ సంగతి అతనికి ఎవరూ చెప్పరు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, తక్కిన పేదలకు ఆదాయ పరిమితికి లోబడి వకీలును ఉచితంగా పెట్టాలి. ఆ ఒక్క ముక్కనూ తెలుగులో, పెద్ద అక్షరాల్లో సమన్ల కాగితం మీదే అచ్చువేయడానికి అయ్యే ఖర్చేమీ లేదు.