మెట్ల కింద కొలువైన డబ్బా గారికి

మహారాజశ్రీ టెలిఫోన్ డీపీ బాక్సు గారి సముఖానికి,

హనుమకొండలో మూడంతస్తుల కాంప్లెక్సు మెట్ల కింద, మోటారు స్టార్టరుకూ అరిగిన చీపురుకూ నడుమ కొలువుదీరి, ఎక్స్చేంజి కేబులును ఇళ్ల తీగలకు కలిపే తమరికి దండాలు. నిన్న మధ్యాహ్నం రెండింటికి తెరిచిన తమరి మూత దీపాలు పెట్టే యాళ్లకు గానీ పడలేదు. అడిగింది ఒక్కటే: కింది మెడికల్ షాపు లైను ఏది? తమరు చూపించింది: ఒక బల్లి, చీమల పుట్ట, ఇరవై తీగలు.

కేబులు వచ్చే వైపు తమరిని తప్పుపట్టడానికి లేదు. తెలుపు-నీలం మొదటి జత, తెలుపు-నారింజ రెండోది, ఆరో జతకు తెలుపు పోయి ఎరుపు వస్తుంది. కేబులు లోపల నింపిన జెల్లీ అంగీకి అంటితే ఏ సబ్బుకూ లొంగదు, అది వేరే ముచ్చట. ఇళ్లకు పోయే వైపు మాత్రం అన్నీ నల్ల డ్రాప్ వైర్లే. జతలు చెదిరిపోయి ఉంటే, ఇరవై తీగల్లో రెండేసి కలిపి చూడడానికి 190 రకాలున్నాయి. ఒక్క స్టిక్కరు ఉంటే ఆ 190 కాస్తా ఒకటయ్యేది.

తమరు నోరు విప్పకున్నా కక్కించే దారులున్నాయి లెండి. మల్టీమీటరును డీసీ 200 మీద పెట్టి జతకు తాకించాలి. 48 వోల్టుల చుట్టుపక్కల చూపితే లైను బతికే ఉంది, రిసీవరు కింద పెట్టి ఉంది. పదికి అటూఇటూ అయితే ఎవరో మాట్లాడుతున్నారు, లేదా రిసీవరు సరిగ్గా పెట్టలేదు. ఉత్త చేత్తో పట్టుకున్నప్పుడే రింగు వచ్చిందా, 75 వోల్టుల ఏసీతో తమరి ఆతిథ్యం అందుతుంది. టెస్ట్ ఫోన్ తగిలించాక ముందు వినాలి. మాటలు వినబడితే తీసెయ్యాలి. టోన్ వస్తే సున్నా కొట్టి సొంత సెల్‌కు చేయాలి; 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు ఆ సున్నా లేనిదే పోదు. సెల్ తెర మీద మన ఎస్టీడీ కోడ్ 870 తర్వాత వచ్చే అంకెలోనే గుట్టంతా ఉంది: 2 అయితే బీఎస్ఎన్ఎల్, 4 అయితే ఎయిర్‌టెల్. సెల్ నంబరు లెక్క ల్యాండ్‌లైన్ నంబరు కంపెనీ మారదు కాబట్టి ఆ అంకెను నమ్మొచ్చు. అవుట్‌గోయింగ్ కట్టయిన లైనుకు ఇదే పని తిరగేసి చేయాలి. మీటరును ఏసీకి మార్చి, అనుమానమున్న నంబరుకు రింగిస్తే ఏ జత మీద అంకె ఎగిరిందో అదే ఆ లైను.

మీటరు సున్నా వోల్టులు చూపిన తీగను చచ్చిందని కత్తిరించే మహానుభావులకు ఒక మాట. అది అలారం తీగ కావచ్చు, లిఫ్టు ఇంటర్‌కమ్ కావచ్చు. తీగలోకి కూత పంపే టోనరు తగిలించి, పై అంతస్తులో దాన్ని పసిగట్టే ప్రోబుతో ఆ కూత విన్నాకే కత్తెర తీయండి. వోల్టేజీ ఉన్న జతకు మాత్రం టోనరు పెట్టొద్దు.

ఇంత చేశాక తేలిందేమిటయ్యా అంటే, ఆ షాపు లైను తమరి కడుపులో లేనే లేదు. ఎప్పుడో ఫైబర్‌కు మారింది. కిటికీ సందులోంచి సన్నటి నల్ల కేబులు, గోడకు మోడెం, మోడెం నుంచి ఫోన్. మోడెం స్విచ్ ఆపితే టోన్ పోయింది. రాగి తీగైతే కరెంటు పోయినా ఎక్స్చేంజి బ్యాటరీ మీద టోన్ ఇస్తది. ఇరవై తీగలనూ ఉత్తపుణ్యానికి విచారించినట్టయింది.

ఏం డబ్బావయ్యా నువ్వు! ‘ఫైబర్‌కు మారింది, ఫలానా తేదీ’ అని ఒక్క ముక్క రాయనీకి ఏం రోగం? నీకు చేతుల్లేవు, సరే. నీ కడుపులో చెయ్యి పెట్టినోడికల్లా రెండున్నయి గదా! గోడ మీద ప్రేమికుల పేర్లుంటయి, పార్టీ గుర్తులుంటయి, ‘ఇక్కడ మూత్రం పోయరాదు’ అని ఉంటది. ఫోన్ నంబరు రాయమంటే మాత్రం మార్కర్లో సిరా ఉండదు. ఒకప్పుడు రాయకున్నా నడిచింది, లైన్‌మన్ తలకాయే రిజిస్టరు. ఒక్క బీఎస్ఎన్ఎల్‌లోనే 78 వేలకు పైగా ఉద్యోగులు స్వచ్ఛందంగా తప్పుకుని 2020 జనవరి 31న ఇంటికి పోయిండ్రు. వాళ్లెంట ఎన్ని రిజిస్టర్లు పోయినయో లెక్కబెట్టు.

సరే, నీ తుప్పు స్క్రూలు, పచ్చగా చిలుము పట్టిన కొసలు వానాకాలం ఖాతాలో వేసుకుంటం. పది జతలకూ ట్యాగులు కట్టినం: నంబరు, కంపెనీ, గది, తేదీ. స్టిక్కర్లు మే నెల ఎండకు రాలిపోతయి, కాగితం చెదలు తింటది. అందుకే పట్టిక లామినేషన్ చేసి మూత లోపల బిగించినం. మార్కరును దారంతో కట్టి వేలాడదీసినం. కోతులు ఎత్తుకపోతే పోనియ్యి, వాటికన్నా రాయబుద్ధి పుడతదేమో.