ఐదు నిమిషాల ప్రసంగం, ఒక ఇడ్లీ పాత్ర

మొన్న మార్చిలో మన చెన్నై తెలుగు సంఘం జరిపిన ఉగాది వేడుకలో, యువజనుల విభాగంలో నేను వేమన పద్యాల మీద మాట్లాడాను. బాగుందని చాలామంది పెద్దలు మెచ్చుకున్నారు, శాలువా కప్పి ఫొటో కూడా తీయించారు. అయితే ఆ రోజు నేను మాట్లాడాలనుకున్నది వేమన గురించి కాదు. మూడు వారాల పాటు రాసుకుని, అమ్మమ్మ చేత తప్పులు దిద్దించుకుని, గడియారం ముందు పెట్టుకుని సాధన చేసిన నా ప్రసంగం 'వెన్బా' అనే వీడియో గేమ్ గురించి. కార్యక్రమం నాలుగు రోజులు ఉందనగా, నిర్వాహకుల్లో నేను చిన్నప్పటి నుంచి మావయ్యా అని పిలిచే ఒక పెద్దాయన ఫోన్ చేసి, "పండగ పూట ఆ గేములూ అవీ ఎందుకమ్మా, తల్లిదండ్రులందరూ వస్తారు, వేమన మీద చెప్పు, నీ నోట పద్యం బాగుంటుంది" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు, ప్రేమే ఉంది. అందుకే కాదనలేకపోయాను.

నన్ను బాధపెట్టింది ఆ ఫోన్ కాదు. పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం ముగిశాక, విద్యార్థులకు బహుమతులు ఇచ్చే ముందు, వేదిక మీది ముఖ్య అతిథి ఒకరు ఆన్‌లైన్ గేమ్‌లు మన పిల్లలను ఎలా మింగేస్తున్నాయో పావుగంట సేపు వివరించారు. రమ్మీలో డబ్బు పోగొట్టుకున్న ఒక కుర్రవాడి కథతో మొదలుపెట్టి, క్రికెట్ బెట్టింగ్ యాప్‌ల మీదుగా పబ్జీ దాకా వచ్చి, చివరికి కంప్యూటర్ తెర మీద ఆడే ఆటలన్నిటినీ ఒకే మూటగా కట్టి, ఇదంతా జూదమేనని తేల్చారు. సభ మొత్తం చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న మా నాన్న కూడా కొట్టారు. కిందటి దసరా సెలవుల్లో నా పక్కనే కూర్చుని వెన్బా ఆటను చివరి దాకా చూసి, కళ్ళు తుడుచుకుంటూ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయిన మనిషి ఆయనే.

రమ్మీ యాప్‌ల మీద ఆ పెద్దమనిషి చెప్పిన దానితో నాకు పేచీ లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధం తెచ్చాయంటే, ఎన్నో ఇళ్ళు గుల్లయ్యాకనే తెచ్చాయి. కానీ 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు పందెంగా పెట్టే ఆటలను ఒక పక్కన, క్రీడల్లా పోటీపడి ఆడే ఈ-స్పోర్ట్స్‌నూ వినోదం కోసం ఆడే ఆటలనూ మరొక పక్కన పెట్టి, మొదటి దాన్ని నిషేధించి, రెండో దాన్ని ప్రోత్సహించాలని స్పష్టంగా చెప్పింది. చట్టం గీసిన గీతను మన వేదిక చెరిపేసింది. మన తెలుగు పత్రికలు కూడా చాలాకాలంగా అదే పని చేస్తున్నాయి. ఒక సినిమా శుక్రవారం ఉదయం విడుదలైతే మధ్యాహ్నానికల్లా కథ, కథనం, నేపథ్య సంగీతం, ఛాయాగ్రహణం వేరువేరుగా తూకం వేసి సమీక్ష ఇచ్చే తెలుగు విలేకరులు, వీడియో గేమ్ అనే మాటను నేర వార్తల పుటలో తప్ప మరెక్కడా వాడగా నేను చూసింది చాలా తక్కువ.

ఆ రోజు చెప్పలేకపోయిన ఆట గురించి ఇక్కడ చెప్పనివ్వండి. వెన్బాను కెనడాలోని టొరంటో నగరంలో ఉన్న విసై గేమ్స్ అనే చిన్న బృందం 2023 జూలైలో విడుదల చేసింది. 2024లో బ్రిటిష్ అకాడమీ వారి బాఫ్టా పురస్కారాల్లో ఉత్తమ తొలి గేమ్‌గా దానికి బహుమతి వచ్చింది. కథ 1988లో మొదలవుతుంది. తమిళనాడు నుంచి కెనడాకు వెళ్ళిన వెన్బా, ఆమె భర్త పావలన్, అక్కడే పుట్టిన కొడుకు కవిన్, ఇంతే సంసారం. ఇందులో కత్తీ లేదు, తుపాకీ లేదు. ఆడేవాళ్ళు చేయవలసిందల్లా వంట. అయితే వెన్బా తన తల్లి దగ్గర నుంచి తెచ్చుకున్న వంటల పుస్తకం చిరిగి, మరకలు పడి, సగం అక్షరాలు కనబడకుండా పోయి ఉంటుంది. ఆ కనబడని సగాన్ని మనం బుద్ధితోనో, జ్ఞాపకంతోనో పూరించాలి. రేడియోలో పాత తమిళ సినిమా సంగీతపు ధోరణిలో కొత్తగా కట్టిన పాటలు వస్తుంటాయి. కొడుకు పెరిగేకొద్దీ తల్లి మాట అతనికి బరువవుతుంది. రెండు గంటల్లోపే ముగిసే ఆట ఇది.

మొదటి వంట ఇడ్లీ. పళ్ళేలను పాత్రలో ఏ వరసలో పేర్చాలో తెలియక నేను రెండుసార్లు ఇడ్లీలు పాడుచేశాను. మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా. వడపళనిలో మా ఇంటికి వచ్చి పదకొండేళ్ళయినా ఆవిడ ఇడ్లీ పాత్ర ఊరి నుంచి తెచ్చుకున్నదే. వంటింటి గుమ్మంలో నిలబడి కాసేపు తెర వంక చూసి, "ఏమ్మే, పళ్ళేలు అట్లా ఒకదాని నెత్తిన ఒకటి పెడితే ఆవిరి ఏ దారిన పోవాలా, ఇట్లా ఇయ్యి" అని నా చేతిలోంచి మౌస్ తీసుకుంది. మౌస్ పట్టుకోవడం ఆవిడకు అదే మొదటిసారి. బాణం గుర్తు ఎటో పోతుంటే విసుక్కుంటూ, నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, పళ్ళేలను తిప్పి పేర్పించింది. ఇడ్లీలు చక్కగా వచ్చాయి. ఆ తరువాత ఆవిడ లేవలేదు. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించే పుట్టు అనే వంట చేసే చోట కొబ్బరి ఎప్పుడు వేయాలో నాకంటే ముందే చెప్పింది. కొడుకు తల్లి కట్టిన డబ్బా వద్దని పిజ్జా అడిగిన చోట మాత్రం ఏమీ అనకుండా, అవతలి గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న మా తమ్ముడి వైపు ఒకసారి చూసింది. తెలుగులో అడిగితే తమిళంలోనో ఇంగ్లీషులోనో జవాబు చెప్పే తమ్ముడు వాడు, తెలుగు అక్షరం చదవలేడు. ఆఫీసు నుంచి వచ్చిన నాన్న బూట్లు కూడా విప్పకుండా మా వెనక నిలబడి, ఎప్పుడు కూర్చున్నారో కూర్చున్నారు. మా ఇంట్లో ముగ్గురు మనుషులు ఒకే దాన్ని చూస్తూ ఒకే చోట అంతసేపు కూర్చోవడం ఎన్ని నెలల తరువాతో నేను చెప్పలేను.

సెలవులయ్యాక కళాశాలలో తమిళ స్నేహితులకు ఈ సంగతి చెబితే, వాళ్ళు ఆ ఆటలోని ఒక్కొక్క పాట ఏ కాలపు సంగీతాన్ని తలపిస్తుందో గంటసేపు వాదించుకున్నారు. తమ ఇంటి భాష ఒక ఆటలో కనబడితే మనుషులు ఎంత పొంగిపోతారో అప్పుడు చూశాను. నేను ఆడిన ఆటల్లో తెలుగు వినబడిన ఆట ఒక్కటీ లేదు. అటువంటిది రేపు వచ్చినా, దాని మంచిచెడ్డలు చెప్పగల తెలుగు సమీక్షకులు మనకు ఉన్నారా?

ఆటల గురించి రోజూ ఇంగ్లీషులో చదివేదాన్ని కనుక, ఆ విలేకరుల బలమూ బలహీనతా నాకు కొంత తెలుసు. 2020 డిసెంబర్‌లో వచ్చిన సైబర్‌పంక్ 2077 విషయంలో, విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటర్‌లో ఆడే ప్రతి మాత్రమే ఇచ్చారు. దాన్ని చూసి వాళ్ళు గొప్ప మార్కులు వేశారు. సోనీ కంపెనీ వారి పాత ప్లేస్టేషన్ యంత్రంలో ఆడేందుకు కొనుక్కున్నవాళ్ళకు అది సరిగా నడవక, కొద్ది రోజులకే సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తొలగించవలసి వచ్చింది. ఇందుకు భిన్నంగా, 2025 సెప్టెంబర్‌లో వచ్చిన హాలో నైట్: సిల్క్‌సాంగ్‌ను తయారుచేసిన ఆస్ట్రేలియా బృందం ముందుగా విలేకరులకు ప్రతులు ఇవ్వనేలేదు. విలేకరులు కూడా మనతో పాటే మొదలుపెట్టి, మనతో పాటే ఓడి, ఎక్కడిదాకా వచ్చారో చెబుతూ రోజుకు కొంత రాశారు. నాకు అన్నిటికంటే నిజాయితీగా అనిపించిన సమీక్షలు అవే.

మార్కుల పిచ్చి అక్కడా ఉంది. ఫాలౌట్: న్యూ వేగస్ అనే ఆటకు సమీక్షల సగటు నూటికి 85 వస్తే తయారుచేసినవారికి బోనస్ ఇస్తామని ఒప్పందం ఉండగా, 84 దగ్గర ఆగిపోయి ఆ డబ్బు చేజారింది. ఒక్క మార్కు విలువ ఈ నగరంలో చదువుకునే ఏ విద్యార్థికీ వివరించనక్కరలేదు. ఇక బాల్డర్స్ గేట్ 3 మీద నేను చదివిన సమీక్షలు దాని కథనూ పాత్రలనూ పొగిడాయి, ఆ పొగడ్త న్యాయమే. కానీ 150 జీబీ ఖాళీ స్థలం అడిగే ఆ ఆటను, అన్నా చెల్లెళ్ళు పంచుకునే ఒక మామూలు లాప్‌టాప్‌లో, ఇంటి ఇంటర్నెట్‌తో ఎన్ని రాత్రులు దించుకోవాలో వాటిలో ఎక్కడా లేదు. మన పిల్లలకు ముందుగా కావలసిన సమాచారం అదే.

అన్నిటికంటే నాకు లోటుగా తోచింది బ్లాక్ మిత్: వుకాంగ్ విషయంలో. 2024 ఆగస్టులో చైనా బృందం విడుదల చేసిన ఈ ఆట మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడుపోయింది. దానికి ఆధారం 16వ శతాబ్దపు చైనా నవల. అందులో దండం పట్టిన వానరవీరుడు ఒక బౌద్ధ భిక్షువును భారతదేశానికి క్షేమంగా చేరుస్తాడు. ఆ భిక్షువుకు మూలం 7వ శతాబ్దంలో మన దేశానికి నిజంగా వచ్చిన హుయాన్‌త్సాంగ్. ఆయన అమరావతి చెంత ధాన్యకటకంలో ఆగి బౌద్ధ గ్రంథాలు అధ్యయనం చేశాడు. మనం పెళ్ళి పట్టుచీరలకు వెళ్ళే కాంచీపురం దాకా వచ్చాడు. ఆ వానరుడికీ మన హనుమంతుడికీ బంధుత్వం ఉందా లేదా అని పండితులు చాలాకాలంగా చర్చిస్తున్నారు. నేను చదివిన ఇంగ్లీషు సమీక్షలు పోరాటం ఎంత కష్టమో, బొమ్మ ఎంత సాఫీగా నడుస్తుందో చెప్పాయి తప్ప ఈ వైపు తొంగిచూడలేదు. అది వారి తప్పు కాదు. ఆ సమీక్ష రాయవలసినవాళ్ళం మనం.

తల్లిదండ్రుల భయం ఉత్తదని నేను అనను. రెండో సెమిస్టర్‌లో రాత్రులు ఎల్డెన్ రింగ్ అనే ఆట ఆడుతూ కూర్చుని ఒక పేపర్ తప్పి అరియర్ పెట్టుకున్నాను. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నెల పట్టింది. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా జీవితాన్ని దానికోసం వదిలేయడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాది పాటు కొనసాగితే దాన్ని రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చింది. పిల్లల చేత పదేపదే డబ్బు ఖర్చుపెట్టించేలా అల్లిన ఫోన్ ఆటలు కూడా ఉన్నాయి. కానీ ఏది ఏడాది తినేస్తుందో, ఏది ఒక సాయంత్రాన్ని వెలిగిస్తుందో తల్లిదండ్రులకు విడమరిచి చెప్పేవారు లేకపోతే, ఆ భయం అన్ని ఆటల మీదా ఒకేలా పడుతుంది. నాకు అరియర్ వచ్చినప్పుడు మా నాన్న లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏ ఆట, ఎందుకు ఆడావు అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఆటను చిన్నచూపు చూసే జాతి కాదు మనది. ముక్కోటి ఏకాదశి రాత్రి జాగారానికి అమ్మమ్మ వైకుంఠపాళి పటం పరిచి, పాము మింగినప్పుడల్లా అది ఏ పాపానికో చదివి వినిపించేది. మన సంఘం వనభోజనాల్లో చెట్టు కింద దుప్పటి పరిచి పెద్దలు పేకముక్కలు పంచుకుంటే, పిల్లలం వెనక కూర్చుని ఎవరి చేతిలో ఏముందో పైకి చెప్పకుండా బిగబట్టుకునేవాళ్ళం, ఆ మధ్యాహ్నాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. 2024 డిసెంబర్‌లో ఈ నగరపు తెలుగింటి బిడ్డ గుకేష్ 18 ఏళ్ళకే చదరంగంలో ప్రపంచ విజేత అయితే మిఠాయిలు పంచుకున్నాం.

అచ్చు పత్రికలో ఈ మాట అడగడానికి ఒక కారణం ఉంది. అమెరికాలో 1991 నుంచి నడిచిన గేమ్ ఇన్ఫార్మర్ పత్రికను 2024 ఆగస్టులో ఉన్నట్టుండి మూసేసినప్పుడు, దాని వెబ్‌సైటులోని రాతలన్నీ ఒక్క రోజులో కనబడకుండా పోయాయి. మరుసటి ఏడాది కొత్త యజమానులు దాన్ని నిలబెట్టారు గానీ, ఆ మధ్యకాలంలో ఇళ్ళలో మిగిలినవి అచ్చు సంచికలే. 1947 జూలైలో ఈ మద్రాసు నుంచే చందమామ బయలుదేరింది. పిల్లల కథే కదా అని తేలికగా తీసుకోకుండా, ప్రతి వాక్యాన్నీ ప్రతి బొమ్మనూ శ్రద్ధగా దిద్దినవారు మన మధ్యనే, మా వడపళనిలోనే పనిచేశారు. అమ్మమ్మ దాచిన ఆ పాత సంచికలతోనే నేను తెలుగు చదవడం నేర్చుకున్నాను.

కనుక మన సంఘాన్నీ, ఈ పత్రిక సంపాదకవర్గాన్నీ నేను కోరేది ఇది. ప్రతి సంచికలో ఆటలకు రెండు పుటలు కేటాయించండి. ఏ వయసువారికి తగిన ఆట, ఎంత సమయం పడుతుంది, లోపల డబ్బు అడుగుతుందా, కథ ఏం చెబుతుంది, తల్లిదండ్రులు పక్కన కూర్చుని చూడదగినదేనా అన్నవి తెలుగులో రాయడానికి నాతో పాటు మరో ముగ్గురు విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు. మాటలు చాలవన్న దిగులు వద్దు. ఓడిపోయినవారు మళ్ళీ మొదలుపెట్టే చోటును ఆటల్లో చెక్‌పాయింట్ అంటారని నేను వివరించగానే, "కాశీకి నడిచిపోయేవాళ్ళు ఆగే మజిలీ లాంటిదా" అంది అమ్మమ్మ. నా ప్రసంగంలో ఆ మాటే వాడాను.

ఆ ప్రసంగం ఆరు పుటలు. ఎర్ర సిరాతో దిద్దిన ప్రతిని ఈ వ్యాసంతో పాటే సంపాదకులకు పంపుతున్నాను. ఆ రోజు నాకు ఫోన్ చేసిన మావయ్యను, వచ్చే ఉగాదికి ఆ ఐదు నిమిషాలు ఇప్పించమని ఈ పత్రిక ముఖంగానే అడుగుతున్నాను. అమ్మమ్మ ముందు వరసలో కూర్చుంటానంది. నాన్న కూడా వస్తారు.