ప్రసంగం పెరిగింది, పఠనం తగ్గింది

గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంగతిని ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటున్నాయి. దానికి ముందు, ధాత నామ సంవత్సరంలో మొదలైన ధాత కరువు గురించి, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జె.ఇ. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించిన వైనం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. అన్నం కోసమే మతం మారారని కొందరు, కరువు సాగుతున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు కదా అని మరికొందరు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఈ వాదనలో ఇరుపక్షాలూ అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. ఆనాడు నదిలోకి దిగినవారిలో అత్యధికులకు అక్షరం ముక్క రాదు. వాళ్ళ దగ్గరకు బైబిలు పుస్తకంగా రాలేదు, ఎవరో చదివితేనో చెబితేనో విన్న మాటగా వచ్చింది.

అలా వినబడాలంటే అది ముందు తెలుగు కావాలి. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో ఉండి 1732 నాటికే బైబిలును తెలుగు చేశాడు గానీ ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో పనిచేసిన మిషనరీ డెగ్రాంజి, ఆయనకు తోడుగా నిలిచిన ఆనందరాయర్ కలిసి తెలుగు చేసిన సువార్తలు 1812లో, విలియం కేరీ బృందం సిద్ధం చేసిన కొత్త నిబంధన 1818లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరి మిషన్ ప్రారంభించే నాటికి కొత్త నిబంధన అందుబాటులో ఉంది, పూర్తి బైబిలు మాత్రం ఇంకా అచ్చు కాలేదు. 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ కులస్థుడు యర్రగుంట్ల పేరయ్య వంటివారు కనిగిరి ప్రాంతంలో తమ బంధువుల పల్లెలకు ఆ మాటను మోసుకుపోయారు.

ఏ శాస్త్రాన్నీ దగ్గరకు వెళ్ళి వినే హక్కు లేదని తరాల తరబడి ఊరి బయట నిలబెట్టిన మాదిగపల్లెల్లో, తమ కులంవాడే వచ్చి, తమ వాడలోనే కూర్చుని, తమకు తెలిసిన భాషలో దేవుని మాట వినిపించడం ఎంత పెద్ద మార్పో ఇప్పుడు మనం పూర్తిగా ఊహించలేము. “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి” అన్న మాట పగలంతా కాలువ మట్టి తట్టలకెత్తి మోసిన మనిషికి వ్యాఖ్యానం అవసరం లేకుండానే అందుతుంది. అదే మాట ఇంగ్లీషులోనో లాటిన్‌లోనో ఉండి ఉంటే, దాన్ని విప్పి చెప్పేవాడి దయ మీద ఆ మనిషి ఆధారపడవలసి వచ్చేది.

నిజమే, ఆ తెలుగు వాడలో మాట్లాడుకునే తెలుగు కాదు, గ్రాంథికం. అయినా మళ్ళీ మళ్ళీ వినడం వల్ల అది వాళ్ళ సొంతమైంది. “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” అని మొదలుపెట్టి 23వ కీర్తన చివరిదాకా ఒక్క మాట తప్పకుండా చెప్పే, చదువురాని ముసలమ్మలు కావలి, కందుకూరు వైపు పల్లెల్లో నేటికీ కనిపిస్తారు. వాళ్ళకు ఆ కీర్తన వచ్చింది చెవుల ద్వారానే.

ఇంతటి వినికిడి సంప్రదాయం ఉన్న చోటే ఇప్పుడు ఆరాధనలో వాక్య పఠనం చిక్కిపోయింది. చాలా బాప్టిస్టు, స్వతంత్ర సంఘాల్లో ఒకటి రెండు వచనాలు చదవడం, ఆ వెంటనే గంటకు తగ్గని ప్రసంగం చేయడం రివాజుగా మారింది. కథోలికుల పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. 1928లో నెల్లూరు మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం, ఏర్పడిన తరువాత కూడా దశాబ్దాల పాటు అక్కడి విశ్వాసులు లాటిన్ పూజనే విన్నారు. కథోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1963లో ప్రజల భాషలకు తలుపు తెరిచాక, 1969లో మూడేళ్ళ పఠనాల క్రమం వచ్చింది. అందువల్ల ఇప్పుడు దాదాపు ప్రతి ఆదివారం పాత నిబంధన నుంచి ఒక భాగం, ఒక కీర్తన, ఒక పత్రిక భాగం, ఒక సువార్త భాగం తెలుగులో వినిపిస్తాయి. వాక్యమే సమస్తమని చెప్పుకునే సంఘాల కంటే, ఒకప్పుడు వాక్యాన్ని జనానికి దూరంగా ఉంచాయని పేరుపడ్డ గుడులే నేడు దాన్ని ఎక్కువగా వినిపిస్తున్నాయి. బాప్టిస్టు పెద్దలకు ఈ పోలిక రుచించకపోవచ్చు, అయినా ఆలోచించదగ్గది.

ప్రసంగం అక్కరలేదని నా వాదన కాదు. అపొస్తలుల కార్యాల్లో, యెషయా గ్రంథాన్ని రథంలో పైకి చదువుకుంటున్న ఐతియోపీయుడు, దారి చూపేవాడు లేకపోతే తనకెలా అర్థమవుతుందని ఫిలిప్పును అడుగుతాడు. అయితే అక్కడ పఠనం ముందు, వివరణ తరువాత. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలోనూ ఎజ్రా ఉదయం మొదలుకొని మధ్యాహ్నం దాకా చదువుతాడు, లేవీయులు అర్థం చెబుతారు. జనం మూలాన్ని విన్నారు కాబట్టే వివరణ దానికి తగినట్టుందో లేదో తూచుకోగలిగారు. 2011 జనగణన ప్రకారం ప్రకాశం జిల్లా అక్షరాస్యత 63 శాతం, ఆడవారిలో అది ఇంకా తక్కువ. ఒడిలో బైబిలు తెరిచి పెట్టుకున్నవాడు పాస్టరుగారు చెప్పేది అందులో ఉందో లేదో చూసుకుంటాడు, పక్కనే కూర్చున్న చదువురాని తల్లికి ఆ అవకాశం లేదు. ఆమెకు రెండు వచనాలే వినిపించి గంట సేపు వ్యాఖ్యానం చెబితే, పూర్వం పరాయి భాష చేసిన పనినే ఇప్పుడు ప్రసంగం చేస్తోందని అనక తప్పదు. ప్రసంగీకుడి మాట ఎక్కడ ముగిసిందో, వాక్యం ఎక్కడ మొదలైందో ఆమెకు తెలిసే దారి ఏది?

చదివే తీరు కూడా చిన్న విషయం కాదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. పౌలు పత్రికల్లోని పొడవైన వాక్యాలను ముందుగా ఒకసారైనా చూసుకోకుండా చదివితే, ఊపిరి చాలక అర్థం లేని చోట ఆగిపోతారు, వినేవారి చేతిలో విడి ముక్కలు మిగులుతాయి. పైగా మైకుకు ఎకో పెట్టడం మన సంఘాల్లో ఒక మోజు. పాటకు అది నప్పుతుందేమో గానీ పఠనానికి మాత్రం శత్రువు. ఆదివారం చదవాల్సిన భాగమేదో చదివేవారికి మూడు నాలుగు రోజుల ముందే చెప్పడం, పాత అనువాదం బరువుగా ఉన్న చోట వాడుక భాష అనువాదాన్ని కూడా వెంటనే వినిపించడం ఖర్చు లేని పనులు. పాతదాన్ని పూర్తిగా పక్కన పెట్టాలనడం మాత్రం తొందరపాటు, ఎందుకంటే పెద్దల జ్ఞాపకంలో ఉన్నది అదే.

ఫోన్లలో బైబిలు ఆడియో దొరుకుతున్నప్పుడు ఈ శ్రమంతా ఎందుకనే ప్రశ్న సహజం. ఒంటరిగా వినేవారికి అది మేలే. కానీ పౌలు పత్రికల్లో ఎక్కువ భాగం సంఘం ఎదుట చదవడానికే రాసినవి, అందరూ కలిసి విన్న మాట మీదే అందరూ కలిసి మాట్లాడుకోవడం సాధ్యమవుతుంది.

ఇక ‘సొంత భాష’ అనగానే తెలుగు అనుకోవడం కూడా మన జిల్లాల్లో సగం నిజమే. ఎరుకల ఇళ్ళలో వాళ్ళదైన భాష ఉంది, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు తండాల్లో లంబాడీ మాట్లాడతారు. వాళ్ళకు తెలుగు బైబిలు, వెనకటి తరాలకు ఇంగ్లీషు బైబిలు ఉన్నంత దూరం కాకపోయినా, ఇంటి భాష మాత్రం కాదు. తెలుగులో చదివిన భాగాన్ని ఆ భాషల్లో తిరిగి చెప్పగలవారు ఆ సంఘాల్లోనే ఉన్నారు. వాళ్ళను ముందుకు పిలవడానికి అనువాదం అచ్చయ్యేదాకా ఆగనక్కరలేదు.