పచ్చచుక్క ఆరకూడదు

సొంత పనులకి ఇంకో లాప్‌టాప్ కొనడం దండగ, ఆఫీసువాళ్ళు ఇచ్చింది ఉందిగా అనే పెద్దమనుషులతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పెళ్ళి సంబంధాల బయోడేటాలు, పొలం పాసుపుస్తకం స్కాన్, అమ్మ షుగర్ రిపోర్టు, పక్క కంపెనీకి పంపాల్సిన రెజ్యూమే, అన్నీ ఆ ఒక్క డెస్క్‌టాప్ మీదే పెట్టేయండి. మన బాగోగులు మనకన్నా ముందే తెలుసుకునే ఆత్మీయులు ఈ రోజుల్లో, కంపెనీ కంప్యూటర్లన్నీ చూసుకునే ఐటీ అడ్మిన్ తప్ప ఎవరున్నారు చెప్పండి?

"నేను ఇన్‌కాగ్నిటోలో చూస్తాలెండి, బ్రౌజర్‌లో హిస్టరీ మిగలదు" అనే తెలివైనవాళ్ళు కొందరుంటారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. ఇన్‌కాగ్నిటోలో చూసింది మీ తర్వాత ఆ లాప్‌టాప్ తెరిచే మీ ఆవిడకి కనిపించదేమో గానీ, కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్‌కి శుభ్రంగా కనిపిస్తుంది. పైన అడ్రసు పక్కన తాళం గుర్తు ఉందిగా, మధ్యలో ఎవరూ చదవలేరు అంటారా? పెద్ద కంపెనీలు కొన్ని లాప్‌టాప్ మీ చేతికిచ్చే ముందే తమ సొంత సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని బ్రౌజర్‌కి నమ్మకం కలిగించే డిజిటల్ పత్రం) ఒకటి అందులో ఎక్కిస్తాయి, దాంతో మీరు పంపేదాన్ని దారిలో విప్పి, చదివి, మళ్ళీ మూసి పంపొచ్చు, తాళం గుర్తు మాత్రం పాపం చెక్కుచెదరదు. సరదాగా ఏదైనా మామూలు సైటు తెరిచి, అడ్రసు పక్కనున్న గుర్తు నొక్కి, సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. అక్కడ మీ కంపెనీ పేరు కనిపిస్తే ఎంత ఆప్యాయతో కదా!

ఇక పచ్చచుక్క సంగతి. ఆఫీసు చాటింగ్ యాప్ టీమ్స్‌లో మీరు పనిలో ఉన్నారని చూపిస్తూ మీ పేరు పక్కన వెలిగేది అదే, అయిదు నిమిషాలు మౌసో కీబోర్డో ముట్టకపోతే పసుపైపోతుంది. కాగితం మీద గీసుకుంటూ అరగంట ఆలోచించి చిక్కుముడి విప్పినవాడు ఆ అరగంటా సోమరి, పాత మెయిళ్ళని పైకీ కిందకీ తిప్పుతూ కూర్చున్నవాడు కష్టజీవి. అందుకే జనం మౌస్‌ని దానంతటదే కదిలించే జిగ్లర్లు కొంటున్నారు. డబ్బులు దండగ అనుకునేవాళ్ళు ముళ్ళున్న చేతిగడియారాన్ని మౌస్ కింద బోర్లా కాకుండా వెల్లకిలా పెడతారు, సెకన్ల ముల్లు లైటు కింద నుంచి వెళ్ళినప్పుడల్లా కర్సర్ కాస్త వణుకుతుంది. డిజిటల్ వాచీతో కుదరదు, అడగొద్దు.

2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు నటించారని డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది. బాగా చేసింది. ఇదే బ్యాంకులో పైవాళ్ళు పెట్టిన టార్గెట్లు అందుకోలేక సిబ్బంది ఖాతాదారులకి చెప్పకుండా సుమారు 20 లక్షల ఖాతాలు తెరిచారని తేలి, 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. కొలత ఏది పెడితే జనం దానికి తగ్గట్టే ఆడతారని అంత ఖర్చు పెట్టి నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ మౌస్ కదలికలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారంటే, ఆ పట్టుదలకి దండం పెట్టాలి. లండన్‌లో బార్‌క్లేస్ మాత్రం పిరికిది. 2020లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి, సిబ్బందీ పత్రికలూ గోల చేయగానే వెనక్కి తగ్గింది.

మన దగ్గర ఆ టెన్షన్ తక్కువ. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో చెప్పిన మాట నిజమే. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్‌లో, ఉద్యోగ అవసరాల కోసమో, కంపెనీకి నష్టం జరగకుండా చూసుకోవడం కోసమో అయితే మీ సమాచారం వాడుకోవడానికి మీ సమ్మతి అక్కర్లేదని రాసి ఉంది. అడగడం, మీరు మొహమాటపడటం, ఇవన్నీ తప్పుతాయి.

ఫోన్‌లో ఆఫీసు మెయిల్ పెట్టేటప్పుడు "ఈ ఫోన్‌లోని డేటా మొత్తం తుడిచేసే అధికారం అడ్మిన్‌కి ఇస్తున్నారు" అని వస్తే, చదవకుండా ఓకే కొట్టేయండి. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని వేరే గది ఉంది, అందులో పెట్టుకుంటే వాళ్ళు తుడిచినా ఆ గదే పోతుంది, చెల్లెలి సీమంతం ఫొటోలు మిగులుతాయి. మరీ అంత దాపరికం ఎందుకు?

ఇంత చెప్పినా వినకుండా కొందరు సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు అమ్మే సీటీసీకి వెళ్ళి, పాత లాప్‌టాప్ ఒకటి బేరమాడి కొనుక్కుని, ఆఫీసు వైఫై కూడా వద్దని సొంత హాట్‌స్పాట్ పెట్టుకుని రాత్రిళ్ళు ఏదో టైపు చేసుకుంటున్నారట. ఇలాంటివాళ్ళ మీదే హెచ్ఆర్ ఓ కన్నేసి ఉంచాలి. ఎలా వేస్తారో మాత్రం నాకు అర్థం కావట్లేదు.