గుట్టెక్కితేనే అందే సిగ్నల్‌ను ఏ లెక్కలో రాయాలి?

నల్లమలలో మన్ననూరు దాటాక అడవి లోపలి ఒక పెంటలో (చెంచుల ఆవాసంలో), ఉపాధి హామీ పనులకు మేట్‌గా, అంటే కూలీల హాజరు చూసే మనిషిగా ఉన్న ఒక యువతిని 2024 వేసవిలో చూశాను. కూలీల ఫొటో తీయడం ఆమెకు నిమిషం పని. దాన్ని పంపడానికి మాత్రం గుట్ట ఎక్కాలి. పైన ఉన్న బండకు ఒక కొసన నిలబడి ఫోను ఎత్తి పట్టుకుంటే రెండు గీతలు కనిపిస్తాయి, రెండడుగులు పక్కకు జరిగితే అవీ పోతాయి. 2023 జనవరి నుంచి, లబ్ధిదారులకు వ్యక్తిగతంగా చేసిపెట్టే పనులు మినహా, హాజరును యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటోతో నమోదు చేయడం తప్పనిసరైంది కాబట్టి ఆమె ఆ గుట్ట రెండుసార్లు ఎక్కి దిగేది. 2025లో టెలికాం కంపెనీలు తమ కవరేజీ పటాలను వెబ్‌సైట్లలో పెట్టినప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని ఆమె వాడే కంపెనీ పటం తెరిచాను. ఆ పెంట మీద 4జీ రంగు నిండుగా పరచుకుని ఉంది.

ఆ పటం పూర్తిగా అబద్ధమని నేను అనడం లేదు. టవర్ ఎత్తు, అది వెలువరించే శక్తి, వాడే ఫ్రీక్వెన్సీ, చుట్టూ ఉన్న నేల ఎత్తుపల్లాలను బట్టి కంప్యూటర్ వేసే అంచనా అది. లోయలో ఇంటి గడప దగ్గర ఎవరో నిలబడి కొలిచిన కొలత కాదు. పైగా ఆ రంగు టెక్నాలజీని చెబుతుందే గాని వేగాన్ని చెప్పదు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కనీస వేగాన్ని 2023 జనవరిలో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. బండ మీద దొరికే రెండు గీతలతో ఆ వేగం అందుతుందా లేదా అన్నది రంగును చూసి తెలుసుకునే వీలు లేదు.

అమెరికా ఈ పొరపాటుకు పెద్ద మూల్యమే చెల్లించింది. సేవలు అందని గ్రామీణ ప్రాంతాలకు పదేళ్లలో 453 కోట్ల డాలర్ల సాయం ఇవ్వాలని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒక పథకం సిద్ధం చేసి, ఏవి అందని ప్రాంతాలో తేల్చడానికి కంపెనీలిచ్చిన పటాలనే ఆధారం చేసుకుంది. ఫిర్యాదులు వచ్చాక సిబ్బంది దాదాపు 10,000 మైళ్లు వాహనాల్లో తిరిగి పరీక్షిస్తే, మూడు కంపెనీలు 4జీ ఉందని చూపిన చోట్ల 62.3 శాతం పరీక్షల్లోనే కనీస వేగం అందింది. 2019 డిసెంబరులో ఆ నివేదిక బయటికి రావడంతో పథకాన్నే పక్కన పెట్టారు. 2020లో చట్టం చేసి పటాల పద్ధతినే మార్చారు. ఇప్పుడు అక్కడ సామాన్యుడు సైతం తన ఫోనులో వేగం కొలిచి పటాన్ని సవాలు చేయవచ్చు.

మనకు ఇంకొక చిక్కు ఉంది, నా దృష్టిలో అసలు చిక్కు అదే. మనం లెక్కించేది ఊళ్లను. 2024 ఏప్రిల్ నాటి కేంద్రం లెక్కలో దేశంలోని 6,44,131 గ్రామాల్లో 6,15,836 గ్రామాలకు 4జీ ఉంది. ఈ గ్రామం రెవెన్యూ గ్రామం. దాని హద్దుల్లో నాలుగు తండాలో, మూడు గూడేలో ఒక్కొక్కటి రెండు మూడు కిలోమీటర్ల ఎడంలో ఉండవచ్చు. పెద్ద ఊరికి సిగ్నల్ ఉంటే మొత్తం గ్రామమే అందిన లెక్కలోకి పోతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద ఉన్న ఆవాసాలదీ ఇదే కథ. తెలంగాణలో 2018లో 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడినప్పుడు ఎన్నో తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. కానీ 2011 జనగణన గ్రామాల జాబితాకు ఆ పేర్లు తెలియవు. సేవలు లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వాలని 2022 జులైలో రూ.26,316 కోట్లతో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకంలో, అదనంగా మరో 20 శాతం గ్రామాలను చేర్చుకునే వీలు పెట్టారు. జాబితాలో పడని ఊళ్లు ఉంటాయని ప్రభుత్వానికీ తెలుసన్న మాట.

వాహన పరీక్షలతో ఈ లోటు తీరదు. కారులో పరికరాలు పెట్టుకుని తిరిగే బృందం రోడ్డు ఉన్నంత వరకే వెళ్లగలదు. సిగ్నల్ లేని చోట్లలో చాలావాటికి రోడ్డు కూడా లేదు.

నిజానికి కావలసిన సమాచారంలో కొంత ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉంది. రేషన్ దుకాణంలోని ఈపాస్ యంత్రం వేలిముద్రను పంపలేక ఆగిన ప్రతిసారీ, హాజరు ఫొటో తీసిన సమయానికీ అది సర్వర్‌కు చేరిన సమయానికీ మధ్య గంటల తేడా వచ్చిన ప్రతిసారీ సిగ్నల్ అందని ఒక చీకటి మచ్చ ఎక్కడుందో తెలుస్తుంది. సర్వర్ మొరాయించడం, వేలి గీతలు అరిగిపోవడం వంటి కారణాలను వేరు చేయక తప్పదు. అయితే ఒకే దుకాణంలో నెలల తరబడి, పక్క దుకాణాలు సజావుగా నడుస్తున్న రోజుల్లో కూడా అదే జరుగుతుంటే తప్పు వేలిది కాదు. ఆ వివరాలను ఆవాసాల వారీగా తీసి కంపెనీల పటాల పక్కన పెట్టే పని హైదరాబాద్‌లోనే మొదలుపెట్టవచ్చు.

అలా తేలిన అనుమానపు చోట్లకు పంచాయతీ కార్యదర్శి మామూలు ఫోనుతో వెళ్లి బడి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర, చివరి ఇంటి దగ్గర, పొద్దున ఒకసారి, జనం ఫోన్లు పట్టుకునే సాయంత్రం ఒకసారి వేగం కొలవాలి. కరెంటు పోయిన వేళ ఇంకోసారి కొలవాలి, ఎందుకంటే టవర్‌కు బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందన్నది ఏ పటంలోనూ ఉండదు. ఫలితాలను గ్రామసభలో చదివి వినిపించి తీర్మానం చేస్తే, ఆ తీర్మానం అందిన నాటి నుంచి తమ రంగు సరైనదని రుజువు చేసే బాధ్యత కంపెనీది కావాలి. గడువులోగా రుజువు చూపకపోతే ఆ రంగు తీసేసి, ఆ ఆవాసాన్ని, మారుమూల ప్రాంతాలకు టెలికాం సేవలు అందించడానికి కేంద్రం నడిపే డిజిటల్ భారత్ నిధి సాయానికి అర్హమైన జాబితాలో చేర్చాలి. గుట్ట మీది బండ దగ్గర దొరికిన సిగ్నల్‌ను మాత్రం ఈ కొలతల్లో ఎక్కడా పెంట పేరున రాయకూడదు.